వెంకమ్మ గారబ్బాయి కెమిస్ట్రీ

తిరుపతిలో మే నెల అంటే తెలుసుగా! సాయంత్రం ఆరు దాటినా గడప అవతల కాలు పెట్టాలనిపించదు. అలాంటి ఒక సాయంత్రం మా వీధి చివరింటి ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. నేను ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా సైన్సు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. వీధిలో అందరికీ టీచరమ్మనే.

ఆ పిల్ల పదో తరగతిలో అన్నీ పాసై ఫిజికల్ సైన్సు ఒక్కటీ తప్పింది. సప్లిమెంటరీకి నెల కూడా లేదు. ఫిజిక్సు ఎట్లో గట్టెక్కుతుందట, కెమిస్ట్రీ అంటేనే జ్వరం వస్తుందట. ఈ ఒక్క గండం దాటించు టీచరమ్మా, లేదంటే వాళ్ళ నాయన సంబంధాలు చూస్తానంటా ఉండాడు అని ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మాట్లాడుతుంటే ఆమె చెవుల వైపు చూశాను. కమ్మలు లేవు. బెజ్జాలు పూడకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకునుంది. అంతకు ముందు ఏడాది ట్యూషన్ ఫీజు కోసం కమ్మలు కుదువ పెట్టిందని తర్వాత తెలిసింది.

ఆ చీపురుపుల్లలు చూడగానే నాకు ఇంకో తల్లి గుర్తొచ్చింది. పుస్తకం పక్కన పెట్టి, ఆ పిల్లకి ముందు ఆ తల్లి కథ, ఆమె కొడుకు కథ చెప్పాను. మేడం క్యూరీ పేరు ఆ పిల్లకి తెలుసు. సి.వి.రామన్ తెలుసు. మన తెలుగాయన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు మాత్రం వినలేదు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పిల్లలుంటే ఇది చదివి వినిపించండి.

మూడోసారికి పాసైన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ఆ ఉద్యోగమూ నిలబడలేదు. తల్లి వెంకమ్మ. చాలీచాలని రాబడితో పెద్ద సంసారం ఈదిన మనిషి.

పిల్లాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్ళప్పుడు కాశీకి పారిపోయి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని బయల్దేరాడు. వెంకమ్మ వెనక్కి రప్పించింది. ఇంతలో తండ్రి పోయాడు. ఇల్లు గడవడమే కష్టమైన ఆ రోజుల్లో ఆమె తన మంగళసూత్రాలు అమ్మి కొడుకు చదువుకి డబ్బు సర్దిందని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. అయినా మెట్రిక్ ఒకసారి కాదు, రెండుసార్లు తప్పాడు. మూడోసారికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు.

ఇక్కడ మా పిల్ల తలెత్తి చూసింది. రెండుసార్లా అంది. అవును, రెండుసార్లే. నువ్వు తప్పింది ఒక్కసారేగా అన్నాను. ఆ పూటకి మొదటిసారి నవ్వింది.

నవ్వింది కదా అని అక్కడే మొదటి పాఠం చెప్పేశాను. మన వర్ణమాలలో యాభై పైచిలుకు అక్షరాలున్నాయి. వాటితోనే ఎన్ని లక్షల మాటలైనా రాస్తాం. ప్రపంచానికీ ఒక వర్ణమాల ఉంది. అందులో ఇప్పటికి తెలిసినవి 118 అక్షరాలు. వాటినే మూలకాలంటాం. ఇనుము, బంగారం, ఆక్సిజన్, గంధకం, ఫాస్ఫరస్, అన్నీ అక్షరాలే. అక్షరాలు కలిస్తే మాట అయినట్టు మూలకాలు కలిస్తే సమ్మేళనం. ఉప్పు ఒక మాట, నీళ్ళు ఒక మాట, చిత్తూరు బెల్లంలోని చక్కెర కొంచెం పొడుగైన మాట. మూలకంలో అతి చిన్న రేణువు పరమాణువు. పరమాణువులు జట్టుకడితే అణువు. ఇంతే. దీనికి జ్వరమెందుకు?

పసుపు, సున్నం, నిమ్మకాయ

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా సుబ్బారావుకి రామకృష్ణ మిషన్ మీదికి మనసు పోయింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. వెంకమ్మ ఒప్పుకోలేదు. జనానికి సేవ చేయాలంటే డాక్టరై చేయొచ్చన్న దారి మిగిలింది. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అది గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు ఖద్దరు కోటు తొడుక్కుని ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళడం తెల్ల ప్రొఫెసరుకి నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికిచ్చారు.

1919లో శేషగిరితో ఆయన పెళ్ళయింది. ఆమె తండ్రి కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుడి చదువుకి అండగా నిలిచాడు. ఆ రోజుల్లోనే ఆ ఇంటిని స్ప్రూ అనే జబ్బు పట్టింది. తిన్నది ఒంటికి పట్టదు, నోరు పూస్తుంది, విరేచనాలు, రక్తం విరిగిపోయి మనిషి ఎండిపోతాడు. ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. సుబ్బారావునీ అదే జబ్బు పట్టింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఏ మందులో ఏ పదార్థం పనిచేస్తోంది అన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు. నాకు తెలిసి కెమిస్ట్రీ అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఇందులో ఏముంది, ఎంత ఉంది, అది ఏం చేస్తుంది?

రెండో రోజు పాఠం మా వంటింట్లో జరిగింది. ఒక గిన్నెలో పసుపు నీళ్ళు కలిపి, చిటికెడు సున్నం వేయమన్నాను. ఎర్రగా పారాణిలా తిరిగింది. దానికి తెలియనిదేం కాదు, హారతి పళ్ళెంలో రోజూ చూసేదే. ఇప్పుడు నిమ్మకాయ పిండమన్నాను. పిండేకొద్దీ ఎరుపు పోయి మళ్ళీ పసుపుపచ్చ వచ్చింది. అది మాత్రం ఎప్పుడూ చూడలేదట. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. పసుపు వాటిని గుర్తుపట్టి చెప్పే సూచిక. మన చిత్తూరు పక్క బెల్లం వండేటప్పుడు మరిగే చెరకు రసంలో సున్నం ఎందుకేస్తారు? రసంలోని పులుపుని సున్నం విరిచేస్తుంది, మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తారు. పుస్తకంలో దాని పేరు తటస్థీకరణ. పేరు చూసి భయపడిందిగానీ పని దానికి ఎప్పుడో తెలుసు.

కాఫీ డికాషన్ లెక్క

1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. మామగారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేస్తే ఆ ప్రయాణం కుదిరింది. ఇక్కడి డిగ్రీకి అక్కడ విలువ లేదు. పగలు హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళాలు కడిగే పని. డాక్టరు చదువు చదివినవాడు ఆ పని చేశాడు. కూతురు చదువుకి ఇంకొకరి జాకెట్లు కుట్టే తల్లికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. అక్కడ ఆయనకి అప్పజెప్పిన అక్షరం ఫాస్ఫరస్. 1669లో జర్మనీలో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన మూత్రాన్ని మరగబెట్టి, మరగబెట్టి దీన్ని బయటికి తీశాడు. చీకట్లో మెరుస్తుంది కాబట్టి వెలుగు మోసేది అనే అర్థంతో ఆ పేరు పెట్టారు. పరమాణు సంఖ్య 15. మన అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీలో ఉంది, మన ఎముకల్లో ఉంది, రక్తంలోనూ ఉంది. రక్తంలో ఉండేది మరీ కొంచెం. తక్కెడలో వేసి తూయలేం. మరి ఎంతుందో తెలిసేదెట్లా?

సుబ్బారావు, ఫిస్కే కలిసి పట్టిన ఉపాయం మనకి అర్థం కానిదేం కాదు. పలుచటి డికాషన్ ఒక గ్లాసులో, చిక్కటిది ఇంకో గ్లాసులో పోసి చూడండి. రంగు చూసి ఏది ఎంత చిక్కనో చెప్పేయమూ? అదే పద్ధతి. నమూనాలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. కొలత తెలిసిన ద్రావణంతో పక్కపక్కన పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. 1925లో దాన్ని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. ప్రపంచమంతటా లేబరేటరీలు వాడాయి. మన రక్తపరీక్ష చీటీలో ఫాస్ఫరస్ అని ఒక అంకె వేస్తారే, దాని వెనకున్న మాలిబ్డేట్ పద్ధతులు ఆ కుటుంబానివే.

అలిపిరి మెట్ల మీద

కొలిచే చెయ్యి కుదిరాక ఇక వెతకడం మొదలైంది. మన కండరాలకి శక్తి ఎక్కడిది? లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందన్నది అప్పట్లో పెద్దలు నమ్మిన మాట. ఆ పరిశోధనలకి 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కానీ ఫిస్కే, సుబ్బారావుల నీలిరంగు లెక్క వేరే దారి చూపించింది. కండరంలో ఫాస్ఫరస్ ఉన్న ఒక కొత్త సమ్మేళనం కనిపించింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు.

ఏటీపీ అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ట్రై అంటే మూడు. ఒక అణువుకి మూడు ఫాస్ఫేట్ల తోక. ఆఖరి ఫాస్ఫేట్ విడిపోయే చర్యలో శక్తి వెలువడుతుంది, అదే పనికొస్తుంది. మనం తిన్న సంగటి, అన్నం అరిగి వచ్చిన శక్తితో ఆ తోక మళ్ళీ అతుక్కుంటుంది. అలిపిరి దగ్గర కొండెక్కడం మొదలుపెడితే మొత్తం సుమారు 3,550 మెట్లు. మొదటి కొన్ని అడుగులకి ఫాస్ఫోక్రియాటిన్ చప్పున అందుకుంటుంది. ఆపైన ఊపిరి పీల్చి, తిన్నది కరిగించి ఏటీపీ తయారవుతూనే ఉండాలి. మోకాళ్ళ పర్వతం దగ్గర గోవిందా అంటూ ఎక్కే ముసలమ్మ పిక్కల్లో జరిగేది ఇదే. భక్తి ఆమెది, దాన్ని పైదాకా మోసేది ఏటీపీ.

1930లో సుబ్బారావుకి పి.హెచ్‌డి. వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే లేబరేటరీస్‌కి మారి, అక్కడ పరిశోధనల డైరెక్టరయ్యాడు.

ఆకు పేరున్న మందు

ఇక్కడ మన ఆడవాళ్ళు తెలుసుకోవలసిన పేరు ఇంకొకటుంది. లూసీ విల్స్. ఇంగ్లండు నుంచి వచ్చి, 1928 తర్వాత బొంబాయి గర్భిణులను పరీక్షించింది. బట్టల మిల్లుల్లో పనిచేసే వాళ్ళు కూడా అందులో ఉన్నారు. కడుపుతో ఉండగా రక్తం తగ్గి ప్రాణం మీదికి వచ్చేది. ఈస్ట్ సారం తినిపిస్తే కోలుకోవడం చూసి, అందులో ఏదో ఉందని 1931లో చెప్పింది. ఆ ఏదో ఏమిటన్నది తర్వాత తేలింది. 1941లో అమెరికాలో పాలకూర నుంచి వేరుచేసిన వాళ్ళు లాటిన్‌లో ఆకు అనే అర్థమున్న మాటతో ఫోలిక్ ఆమ్లం అని పిలిచారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పని 1945కి సాధించింది సుబ్బారావు నడిపిన లెడర్లే బృందం. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకి కూడా ఆ మందే పనిచేసింది. అప్పటికి ఆ ఇద్దరూ పోయి ఎన్నో ఏళ్ళయింది.

ఇప్పుడు ఏఎన్ఎమ్ గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కలిసే ఉంటుంది. గర్భం వచ్చే ముందు నుంచే అది ఒంట్లో చాలినంత ఉంటే బిడ్డ మెదడు, వెన్నుపాములలో వచ్చే పుట్టుక లోపాలు చాలావరకు తప్పుతాయి. కాబట్టి పెళ్ళైన కూతుళ్ళకీ, కోడళ్ళకీ ఈ సంగతి చెప్పండి. డాక్టరు సలహాతో ముందే మొదలుపెట్టించండి.

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి కదా, మరి తామరతంపరగా పెరిగే క్యాన్సర్ కణాలకి అది అందకుండా చేస్తే? తాళంచెవిలాగే ఉండి తాళం తీయని నకిలీ చెవిని తాళంలో దూర్చినట్టు, ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువులు ఆ బృందం తయారుచేసింది. అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ మేలు కొన్నాళ్ళే నిలిచింది. అయినా రక్తక్యాన్సర్‌ను మందుతో వెనక్కి తగ్గించొచ్చని అప్పుడే తెలిసింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ 1956 నాటికి గర్భసంచిలో మాయ నుంచి పుట్టే ఒక రకం క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసింది. కీళ్ళవాతానికి ఈనాటికీ వాడుతున్నారు. బోదకాలు పురుగుకి వాడే డీఈసీ మాత్ర కూడా 1947లో ఆ లేబరేటరీ నుంచి వచ్చిందే.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే పోయాడు. 1995లో శతజయంతికి మన దేశం తపాలా బిళ్ళ వేసింది.

ఎడమ పక్క ఎవరున్నారు?

సమీకరణాల పాఠం ఆఖరికి మిగిలింది. పిల్లలందరూ భయపడేది అక్కడే. నేల మీద చింతపిక్కలు, కందిబేడలు పోసుకుని కూర్చున్నాం. చింతపిక్క ఫాస్ఫరస్ పరమాణువు, కందిబేడ ఆక్సిజన్ పరమాణువు. ఆక్సిజన్ ఎప్పుడూ జంటగా తిరుగుతుంది. ఫాస్ఫరస్ మండితే వచ్చే పెంటాక్సైడ్‌లో రెండు పిక్కలు, ఐదు బేడలు. ఐదు బేడలు జంటలుగా ఎట్లా వస్తాయి? రావు. ఒకటి మిగులుతుంది. అందుకని రెండు పెంటాక్సైడ్‌లు చేయాలి. అప్పుడు నాలుగు పిక్కలు, పది బేడలు కావాలి. పది బేడలంటే ఐదు జంటలు. ఎడమ పక్క నాలుగు, పది. కుడి పక్క నాలుగు, పది. తుల్యమైంది. ఏ చర్యలోనూ కొత్తగా పుట్టేది లేదు, మాయమయ్యేదీ లేదు. ద్రవ్యరాశి నిత్యత్వ నియమం అంటే అంతే. దీన్ని స్థిరపరిచిన ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజియే 1789లో రాసిన కెమిస్ట్రీ పుస్తకంలో బొమ్మలన్నీ గీసింది ఆయన భార్య మేరీ ఆన్.

పిక్కలు సర్దుతూ ఆ పిల్ల ఒక మాట అడిగింది. శేషగిరి ఏమైంది టీచరమ్మా అని.

నేను కథలో దాటేసిన చోటు అదే. ఏళ్ళ తరబడి క్లాసుల్లో ఆయన గొప్పతనం చెప్పానుగానీ, ఒక్క పిల్లా ఇది అడగలేదు, నేనూ చెప్పలేదు. అందుకే ఈసారి చెప్పాను. ఆయన ఓడెక్కేటప్పటికి శేషగిరి గారు కడుపుతో ఉన్నారు. కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. కొన్నేళ్ళలో తిరిగొస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ దేశం రాలేదు. ఆవిడ ఆయన్ని మళ్ళీ చూడలేదు. పరిశోధన, డబ్బుకి ఇబ్బంది, కాలం, ఏది ఆపిందో తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఆ మందులతో బతికిన బిడ్డలెందరో, ఆవిడ ఒంటరిగా గడిపిన ఏళ్ళన్ని. రెండూ నిజమే.

ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత నేల మీదున్న చింతపిక్కలను ఎడమ పక్కకి జరిపి ఒకటి వెంకమ్మ, ఒకటి శేషగిరి అంది. కుడి పక్క ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం. ఎడమ పక్క కొట్టేస్తే లెక్క తప్పు కదా టీచరమ్మా అంది. నేను చెప్పిన పాఠాలన్నిటిలో అది దానికి బాగా ఎక్కినట్టుంది.

సప్లిమెంటరీ రాసింది. పాసైంది. మార్కులు అడక్కండి, చెప్పుకోదగ్గవేం కావు. కానీ సంబంధాల మాట పక్కకి పోయింది, ఇంటర్లో చేరింది. బైపీసీ తీసుకుంటానని పట్టుబట్టింది. మొన్న వాళ్ళమ్మ జాకెట్టు తెచ్చిచ్చింది. చెవులకి ఇంకా చీపురుపుల్లలే. కమ్మలు విడిపించడానికి ఇంకో ఆర్నెల్లు పడుతుందట. నేను మొదట సంపాదించేది వాటికే అని కూతురు చెబుతోందని మురిసిపోయింది.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు కెమిస్ట్రీ పుస్తకం ముందు తల పట్టుకుని కూర్చునే ఉంటారు. కేకలెయ్యకండి. వంటింట్లోకి పిలిచి కాస్త పసుపు, సున్నం, ఒక నిమ్మకాయ చేతికివ్వండి. వెంకమ్మ గారబ్బాయి రెండుసార్లు తప్పాడని చెప్పండి. వెంకమ్మ గారి గురించీ, శేషగిరి గారి గురించీ కూడా చెప్పండి.